గంగిరెద్దు పాఠం చెప్పే ముందు: ఊరికి వచ్చిపోయే కుటుంబాల గురించి పిల్లలకి ఏం చెప్పాలి?

రెండేళ్ల కిందట మా బడి సంక్రాంతి వేడుకలో ఒక బాబు గంగిరెద్దులవాడి వేషం వేశాడు. చినిగిన చొక్కా, మొహానికి మసి, చేతిలో సత్తు పళ్లెం. స్టేజి మీదికి వచ్చి పళ్లెం చాచి "అమ్మా, ధర్మం" అన్నాడు. హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. పిల్లవాడి తప్పేం లేదు. పెద్దవాళ్లం మనం ఎలా చెబితే అలా చేశాడు.

కార్యక్రమం అయ్యాక పార్కింగ్ దగ్గర ఒక తండ్రి ఆగి, మెల్లగా ఒక మాట అన్నారు. "టీచర్ గారూ, మా తాత గంగిరెద్దు ఆడించేవాడండీ. తలపాగా చుట్టుకోకుండా ఏ ఊళ్లోనూ అడుగు పెట్టేవాడు కాదు. చినిగిన చొక్కాతో ఎప్పుడూ వెళ్లలేదు." అంతే అన్నారు. కోపంగా అనలేదు. ఆయన పాప మా రెండో తరగతిలో చదువుతోంది. ఆ రోజు హాల్లో ఆ పాప కూడా ఉంది.

ఆ తర్వాత మా ఉపాధ్యాయులం కూర్చుని సంక్రాంతి పాఠాన్ని మళ్లీ రాసుకున్నాం. అప్పుడు మేము నేర్చుకున్నదే ఈ వ్యాసం. ప్రతి జనవరిలో మన బళ్లలో ముగ్గులు, భోగిపళ్లు, బొమ్మల కొలువుతో పాటు అట్టముక్కల గంగిరెద్దు కూడా ఉంటుంది. పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "వాళ్లు హోమ్‌లెస్సా? డబ్బులు అడుక్కోవడానికి వస్తారా?" చాలామందిమి "అలాంటిదే అనుకో" అని ముందుకి వెళ్లిపోతాం. ఆ జవాబు సులువే, కానీ తప్పు. ఎందుకు తప్పో ముందు మనకి తెలియాలి.

ఎవరెవరు వచ్చేవారు

ధనుర్మాసం డిసెంబరు నడిమధ్య మొదలవుతుంది. అప్పటినుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామున హరిదాసు వస్తాడు. తలమీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబుర. అతను చెయ్యి చాచడు. ఇంటివాళ్లు బియ్యం తెస్తే పాత్ర అందేలా కిందికి వంగుతాడు, అందులో పోయించుకుని పాడుకుంటూ పక్కింటికి సాగిపోతాడు.

గంగిరెద్దులవారు సన్నాయి, డోలుతో వస్తారు. ఎద్దుకి మువ్వలు, గజ్జెలు, రంగురంగుల బొంతలు. ఆ బొంతల్లో చాలాభాగం ఊళ్లో ఆడవాళ్లు ఇచ్చిన పాత చీరలే. ఎద్దు తల ఊపుతుంది, మోకాళ్లమీద వంగుతుంది, చెప్పిన ఇంటివాళ్లకి దణ్ణం పెడుతుంది. దానికి ఆ విద్య నేర్పడానికి ఎంతో ఓపిక కావాలి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య అది.

బుడబుక్కలవారు తెల్లవారకముందే చిన్న డమరుకం వాయిస్తూ వచ్చి, పక్షి కూతల శకునం చెబుతారు. ఎరుకల స్త్రీలు సోది చెబుతారు. ఎరుకల కుటుంబాలు బుట్టలు అల్లి అమ్ముతాయి కూడా. పగటివేషాల వాళ్లు ఊళ్లో కొన్నాళ్లు మకాం పెట్టి రోజుకో వేషం కడతారు, ఆఖరి రోజున సంభావన తీసుకుంటారు. తోలుబొమ్మలాటవాళ్లు తెర కట్టి, వెనక దీపం పెట్టి, రాత్రంతా రామాయణం ఆడిస్తారు.

తెలంగాణలో ఇంకో ఏర్పాటు ఉంది. ఒక్కో కులానికి తమ పుట్టుక కథ చెప్పే కుటుంబాలు వేరేగా ఉంటాయి. పద్మశాలీలకి కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. ముదిరాజులకి కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. గొల్లలకి మందెచ్చులవారు బొమ్మలు పెట్టి కథ చెబుతారు. మాదిగలకి డక్కలివారు, చిందువారు ఉంటారు. కథ చెప్పేటప్పుడు కొందరు చూపించే పొడవాటి పటాలని సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేస్తారు. మనం ఇంటి గోడకి తగిలించుకునే చేర్యాల బొమ్మ మొదట గోడకోసం పుట్టింది కాదు, ఊరూరా తిరిగే ఒక కుటుంబం కోసం పుట్టింది.

మీ తరగతిలో కోస్తా పిల్లలూ, సీమ పిల్లలూ, తెలంగాణ పిల్లలూ ఉంటారు. అందరి ఊళ్లకీ ఒకే రకం వాళ్లు రాలేదు. "మన తెలుగు పల్లెల్లో అందరూ ఇలాగే" అని చెప్పకండి. "మీ ఊరికి ఎవరు వచ్చేవారో ఇంట్లో అడగండి" అనండి.

అది బిచ్చమా, హక్కా?

పిల్లలకి ముఖ్యంగా అర్థం కావలసింది ఇదే. వాళ్లు దారిలో కనిపించిన ఊరికల్లా వెళ్లేవాళ్లు కాదు. ఏ కుటుంబానికి ఏ ఊళ్లో వాళ్లలో వాళ్లకి లెక్క ఉండేది. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు ఊళ్లు పంచుకునేవారు. ఒకరి ఊళ్లో ఇంకొకరు అడిగితే కులపెద్దల దగ్గర పంచాయితీ అయ్యేది. అందుకే వాళ్లు ఆ ఊరిని "మా ఊరు" అనేవారు. ఊరివాళ్లు కూడా "మన గంగిరెద్దులవాడు ఇంకా రాలేదేం?" అని ఎదురు చూసేవారు.

రాకకి ఒక కాలం కూడా ఉంది. సంక్రాంతికి పంట కోత అయిపోయి ధాన్యం కళ్లం నుంచి ఇంటికి చేరుతుంది. ఊళ్లో చాకలికి, మంగలికి, కుమ్మరికి, కమ్మరికి ఏడాది పనికి ధాన్యం కొలిచి ఇచ్చే రోజులు అవే. వచ్చిపోయే కుటుంబాల వాటా కూడా ఆ లెక్కలో భాగమే. వానాకాలంలో తిరగడం కష్టం గనక చాలా కుటుంబాలు తమ సొంత మకాంలో ఉండేవి. ఇల్లు లేక తిరిగేవాళ్లు అనుకోవడం పొరపాటు. వాళ్ల పనే తిరుగుడు పని.

ఇక వాళ్లు ఊరికి ఏం ఇచ్చేవారు? ఆట, పాట, కథ ఒక్కటే కాదు. పత్రికలు, ఫోన్లు లేని రోజుల్లో పదూళ్ల కబురు వాళ్ల నోటినే వచ్చేది. వంశాల పేర్లు, గోత్రాలు గుర్తుపెట్టుకుని చెప్పే కుటుంబాలు కూడా ఉన్నాయి. అలాంటి ఒక కులానికి మనం వికలాంగుల్ని ఎగతాళి చేసినట్టుండే పేరు తగిలించాం. ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో వాళ్ల పేరు వంశరాజ్. మన మూడు తరాల పేర్లు మనకే గుర్తుండవు. వాళ్లు ఎదుటివాళ్ల ఏడు తరాలు చెప్పేవారు.

అందుకని పిల్లలు అడిగితే ఇలా చెప్పవచ్చు: "వాళ్లు తమ పని చేసి, దానికి రావలసింది తీసుకునేవారు. మ్యూజిక్ టీచరుకి మనం ఫీజు ఇచ్చినట్టే. కాకపోతే డబ్బు బదులు బియ్యం, బట్టలు ఇచ్చేవారు."

భయం ఎక్కడినుంచి వచ్చింది?

మనలో చాలామంది చిన్నప్పుడు ఈ మాట విన్నవాళ్లమే: "అన్నం తినకపోతే బుడబుక్కలవాడికి ఇచ్చేస్తా. సంచిలో వేసుకుని పోతాడు." అదే మాట ఇప్పుడు వీడియో కాల్‌లో అమ్మమ్మలు మన పిల్లలకి సరదాగా అంటున్నారు. దీని వెనక ఒక చరిత్ర ఉంది. ఇది చిన్న తరగతులకి చెప్పక్కర్లేదు గానీ మనకి తెలిసి ఉండాలి.

ఎరుకలవాళ్ల సంగతే చూడండి. ఒకప్పుడు వాళ్లలో చాలామంది ఉప్పు వర్తకులు. సముద్రపు ఒడ్డునుంచి ఉప్పు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్లకి తీసుకెళ్లి, అక్కడి ధాన్యంతో మారకం చేసేవారు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైళ్లు వచ్చాయి. ఉప్పు మీద ఇంగ్లీషువారి పట్టు బిగిసింది. వర్తకం పోయింది, తిరుగుడు మిగిలింది. వర్తకం లేకుండా తిరిగేవాళ్లంటే ప్రభుత్వానికి అనుమానం. 1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాజ్యానికి కూడా వర్తింపజేశారు. ఫలానా కులంలో పుట్టడమే నేరం అయింది. పోలీసు దగ్గర పేరు రాయించుకోవాలి, హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం అలా ఎరుకల కుటుంబాలని ఒకచోట ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన సెటిల్‌మెంటే. ఆ ఊరి పేరు వింటే సినిమా దొంగలు గుర్తొస్తే, అది ఆ చట్టం మన బుర్రలో మిగిల్చిన గుర్తు.

స్వతంత్రం వచ్చాక, 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తీసేశారు. అందుకే వాళ్లని విముక్త జాతులు అంటారు. చట్టం పోయింది గానీ అనుమానం పోలేదు. 2018 జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రెయిన్‌పాడలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న పుకారు నమ్మి, ఊరూరా తిరిగి బతికే సంచార కులానికి చెందిన అయిదుగురు మగవాళ్లని జనం కొట్టి చంపేశారు. "సంచిలో వేసుకుపోతాడు" అన్న మాట సరదా మాట కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? దయచేసి ఇంట్లో ఆ మాట ఆపేయండి. అమ్మమ్మగారికి, తాతయ్యగారికి కూడా నచ్చజెప్పండి.

ఇప్పుడు ఎలా ఉన్నారు?

పాఠం "అనగనగా" అని మొదలై "ఇప్పుడు లేరు" అని ముగియకూడదు. వాళ్లు ఉన్నారు. పొలం దున్నడానికి ట్రాక్టర్లు వచ్చాక ఊళ్లో ఎడ్లే తగ్గాయి, ఎద్దుకి మేత ఖరీదైంది. ధాన్యం కళ్లం నుంచే లారీ ఎక్కుతోంది. అందుకే గంగిరెద్దులవారు సంక్రాంతికి హైదరాబాదు అపార్ట్‌మెంట్ల గేట్ల ముందు కూడా కనిపిస్తారు. 2021లో ఒక గంగిరెద్దు నుదుటికి క్యూఆర్ కోడ్ కట్టి ఉన్న వీడియోని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ అందరితో పంచుకున్నారు. ఆ సంగతి చెబితే పిల్లలు ఇష్టంగా వింటారు.

గుర్తింపు వచ్చినవాళ్లూ ఉన్నారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో వచ్చింది. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి, బుర్రవీణ వాయించే దాసరి కొండప్పగారికి వచ్చింది. ఈ పేర్లు పిల్లలతో పలికించండి. "ఒక గంగిరెద్దులవాడు", "ఒక కథలవాడు" అని చెప్పడం వేరు, ఒక మనిషి పేరు చెప్పడం వేరు.

అలాగని అంతా అందంగా చెప్పేయకండి. తిరుగుడు బతుకులో పిల్లల చదువు ఆగిపోతుంది. స్థిరమైన చిరునామా లేక రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్ దొరకడం కష్టమవుతుంది. ఈ ఇబ్బందుల్ని చూడడానికి కేంద్ర ప్రభుత్వం వేసిన రేణకే కమిషన్ 2008లో నివేదిక ఇచ్చింది. తాతల పని వదిలేసి ఉద్యోగాల్లోకి వెళ్లినవాళ్లు కళని చంపేసినవాళ్లు కాదు. తమ పిల్లల్ని బడిలో కూర్చోబెట్టినవాళ్లు. మనమూ మన తాతల పని వదిలేసే ఇక్కడికి వచ్చాం కదా.

తరగతిలో ఎలా చెప్పాలి?

అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలకి: వస్తువులతో మొదలుపెట్టండి. మువ్వలు, చిడతలు చూపించి, వినిపించి, పేర్లు నేర్పండి. తర్వాత ఒక ఆట ఆడించండి. ఒకరు హరిదాసు, ఒకరు ఇంటావిడ. ఇంటావిడ బియ్యం తెచ్చి "బాగున్నారా దాసుగారూ, నిరుడు మీ అబ్బాయి కూడా వచ్చాడుగా?" అని పలకరించాలి. ఈ ఆటలో ఇంటివాళ్లకి కూడా మాటలు ఉండాలి. ఇచ్చేవాళ్లు మాట్లాడకుండా విసిరేస్తే అది బిచ్చం అవుతుంది. పలకరిస్తే అది రాకపోకల బంధం అవుతుంది. ఆ తేడా ఆ వయసు పిల్లలకి కూడా తెలుస్తుంది.

ఎనిమిది నుంచి పదేళ్ల పిల్లలకి: ఒక గుండ్రటి కాగితం మీద పన్నెండు నెలలు గీయించండి. వానలు ఎప్పుడు, కోతలు ఎప్పుడు, సంక్రాంతి ఎప్పుడు రాయించండి. అప్పుడు "మీరు గంగిరెద్దు ఆడించే కుటుంబం అయితే ఏ నెలలో బయలుదేరతారు? ఎందుకు?" అని అడగండి. వాళ్లే జవాబు కనుక్కుంటారు. ఇంటిపని: అమ్మమ్మనో తాతయ్యనో ఈ ప్రశ్నలు అడిగి తెలుగులో రాసుకురావాలి.

ఒకటి, మీ ఊరికి ఎవరెవరు వచ్చేవారు? రెండు, ఏ నెలలో వచ్చేవారు? మూడు, వాళ్ల పేర్లు గుర్తున్నాయా? నాలుగు, మీ ఇంట్లో ఏం ఇచ్చేవారు, ఎవరి చేత్తో ఇచ్చేవారు? అయిదు, వాళ్లు రాత్రి ఎక్కడ పడుకునేవారు?

మూడో ప్రశ్నకి చాలా ఇళ్లలో కాసేపు మాట రాదు. ఏటా వచ్చిన మనిషి పేరు ఎవరూ అడగలేదని అప్పుడు తెలుస్తుంది. అయిదో ప్రశ్నకి ఊరి చివర, చెరువు గట్టున, బడి అరుగు మీద అని జవాబు వస్తుంది. ఇంట్లో ఎందుకు కాదో పిల్లలు అడుగుతారు. కులం గురించి నిజాయితీగా, క్లుప్తంగా చెప్పండి: "అప్పట్లో కొందరిని ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. అది తప్పు." మాట దాటేయవద్దు.

పదకొండేళ్లు దాటినవాళ్లకి: నేరస్థ జాతుల చట్టం గురించి చెప్పవచ్చు. "ఒక మనిషి చేసిన పనికి కాక పుట్టిన ఇంటికి శిక్ష వేయవచ్చా?" అన్న ప్రశ్న మీద తెలుగులో మాట్లాడించండి. ఈ దేశపు చరిత్రలో బడిలో చదివిన విషయాలు వాళ్లే తెచ్చి కలుపుతారు. ఎద్దు ముక్కుతాడు చూసి "అది హింస కాదా?" అని కూడా ఈ వయసు పిల్లలు అడుగుతారు. కొట్టిపారేయకండి. ఎద్దుని ఇంట్లో మనిషిలా చూసుకునేవాళ్లున్నారు, సరిగా చూడనివాళ్లూ ఉండవచ్చు, ఇది అడగదగ్గ ప్రశ్నే అని చెప్పండి.

కొన్ని జాగ్రత్తలు

వేషం వేయిస్తే మొహానికి మసి, చినిగిన బట్టలు వద్దు. తలపాగా, పంచె, కోటు, భుజాన కండువా ఉండాలి. పళ్లెం చాపడం కాదు, ఎద్దు చేత దణ్ణం పెట్టించడం నేర్పండి.

కులాల పేర్లని తిట్లుగా వాడే అలవాటు మన మాటల్లో చాలా ఉంది. అల్లరి చేసే పిల్లల్ని, గట్టిగా అరిచే ఆడవాళ్లని, శుభ్రంగా లేనివాళ్లని ఏయే పేర్లతో అంటామో మీకు తెలుసు. అవన్నీ ఇలా ఊరికి వచ్చిన కుటుంబాల పేర్లే. పిల్లలు మన దగ్గర కొత్తగా తెలుగు నేర్చుకుంటున్నారు. ఆ తిట్లు నేర్పకుండా భాష నేర్పే అవకాశం మనకి దొరికింది.

తరగతిలో "మీది ఏ కులం?" అని ఎవరినీ అడగవద్దు. ఫలానావాళ్ల తాత కథలు చెప్పేవాడని తెలిసినా, వాళ్లంతట వాళ్లు చెబితే తప్ప, లేపి నిలబెట్టి చెప్పించవద్దు. ఆ రోజు నాతో మాట్లాడిన తండ్రి తర్వాత ఎప్పుడూ తరగతికి వచ్చి మాట్లాడతానని అనలేదు. మేమూ అడగలేదు. ఆయన పాపకి తన ముత్తాత గురించి ఎప్పుడు, ఎవరికి చెప్పాలనిపిస్తే అప్పుడే చెబుతుంది. ఆ రోజు వస్తే వినేవాళ్లు నవ్వకుండా ఉండాలి. మన చేతిలో ఉన్నది అంతే.

పాఠం చివర పిల్లలతో ఒక మాట చెప్పించుకోవచ్చు. మనమూ రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి, సెలవులు చూసుకుని, పెట్టెలు సర్దుకుని ఊరికి వెళ్లి వచ్చే కుటుంబాలమే. మనం వెళ్లగానే వీధిలో ఎవరో ఒకరు "ఫలానావారి మనవడివి కదూ?" అని పలకరిస్తారు. ఆ పలకరింపు ఎంత బాగుంటుందో పిల్లల్నే చెప్పమనండి. గంగిరెద్దుతో గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి కూడా అలాంటి పలకరింపే కావాలి అంటే వాళ్లకి ఇంకేం వివరించక్కర్లేదు.